గాలి లేకుండా ఎనభై కిలోమీటర్లు

నవంబర్ 5, బుధవారం

మహానంద నడుముకు ఆవనూనె రాసి వచ్చి కూర్చున్నాను. ఆదివారం బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర కొత్త కారుకు పూజ చేయించుకుని వచ్చినప్పటి నుంచి ఆమె నడుము పట్టేసింది. కొత్త కారంటే నాకు కొత్త. హైదరాబాద్‌లో ఒక డాక్టరు ఎనిమిదేళ్లు నడిపి అమ్మేసిన జర్మనీ కారు. ఈ సంగతి బజారులో ఎవరికీ చెప్పలేదు. డైరీ దగ్గర దాచడం బాగుండదని రాస్తున్నాను.

నడుము పట్టడానికి కారణం టైర్లేనని ఆమె వాదన. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు. పక్కగోడలు మందంగా, గట్టిగా ఉంటాయి. మేకు దిగి గాలంతా పోయినా, వేగం ఎనభై దాటకుండా ఎనభై కిలోమీటర్లు నడుస్తాయి. అందుకే ఈ కారుకు స్టెప్నీ లేదు, పెట్టే చోటు కూడా లేదు. నారాయణఖేడ్‌లో ఇలాంటి టైర్లు నాకొక్కడికే ఉన్నాయని నా నమ్మకం. గుంతలో పడ్డప్పుడు మాత్రం ఎడ్లబండి గుర్తుకొస్తుంది. అది కాదనను.

డాక్టరు బాగా తిప్పినట్టున్నాడు, నాలుగూ అరిగిపోయాయి. త్వరలో మార్చాలి. మళ్లీ ఇవే వేయించాలా, మామూలు టైర్లకు మారాలా? ఇరవై ఎనిమిదేళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్నవాడిని, లాగి చూడకుండా ఏ బట్ట తానూ కొననివాడిని. మంచీ చెడూ రాసుకుని నిదానంగా తేల్చుకుంటాను. ఇందులో స్టాన్లీ ప్రసక్తి ఏమీ లేదు.

మంచి: ఎండలో దిగి జాకీ ఎక్కించే పని లేదు.
మంచి: ఒకరి దగ్గరికి పోయి నిలబడే పని లేదు.
చెడు: మహానంద నడుము.

నవంబర్ 6, గురువారం

స్టాన్లీ గురించి రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే పదేళ్ల తర్వాత చదివినప్పుడు నాకే అర్థం కాదు. ఒక్కసారి రాసేసి వదిలేస్తాను.

స్టాన్లీది బస్టాండు దాటాక పంచర్ దుకాణం. ఆరో తరగతి నుంచి ఇద్దరం ఒకే బెంచీ. నా మొదటి సైకిల్ నుంచి మొన్నటి పాత కారు దాకా ఏ చక్రానికి గాలి పోయినా అతని చేతుల్లోనే నిండింది. అతని భార్య గ్రేసమ్మకు అన్నదమ్ములు లేరు. వాళ్ల పెళ్లిలో ఆ చోట నేనే నిలబడ్డాను. అందుకే వాళ్ల బిడ్డ గ్లోరీకి నేను మేనమామను. మేం లింగాయతులం, వాళ్లు మెథడిస్టులు. పిలుపుకు అవేవీ అడ్డం రాలేదు.

గ్లోరీకి ఆరేళ్లప్పుడు నా స్కూటర్ ముందు నిలబడి, తన పెళ్లికి చర్చి దాకా తనను ఎవరు తీసుకుపోతారని అడిగింది. నేనే, నా సొంత కారులో, అన్నాను. అప్పటికి నాకు కారు నడపడం కూడా రాదు. ఇప్పుడా పిల్ల సంగారెడ్డి దవాఖానలో నర్సు. ఈ నెల ఇరవై ఆరున పెళ్లి. ఈ కారు ఆ పెళ్లి కోసం కొన్నానని మహానంద అంటుంది. అది నిజం కాదు. కొన్న నెలలోనే పెళ్లి వచ్చింది, అంతే.

సోమవారం కారు తీసుకుపోయి స్టాన్లీ దుకాణం ముందు ఆపాను. ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ చుట్టూ చేరి టైర్లు నొక్కి చూస్తుంటే నాకు కొంచెం ఊపు వచ్చింది. రన్‌ఫ్లాట్ అంటే ఏమిటో వివరించాను. చివర్లో అన్నాను, "ఇగ నీ దుకాణంతోని నాకేం పని లేదు స్టాన్లీ."

నవ్వుతూనే అన్నాను. అందరూ నవ్వారు. స్టాన్లీ చేతులు గుడ్డకు తుడుచుకుని, "మంచిదే సేఠ్. మీరట్లనే నడుపుకోండి," అన్నాడు.

సేఠ్. మీరు. నలభై ఏళ్లలో ఆ నోటి నుంచి నాకు 'మీరు' రాలేదు. చెంప మీద కొట్టినా బాగుండేది.

అయినా నేను తప్పేం మాట్లాడాను? టైరు గుణం చెప్పాను.

నవంబర్ 7, శుక్రవారం

స్టాన్లీ ఫోన్ చేయలేదు. చేస్తాడని నేను చూడనూ లేదు. ఫోన్ పక్కనే ఉంది కాబట్టి తెలిసింది.

నవంబర్ 10, సోమవారం

ఈ ఇంట్లో స్టాన్లీ ఊసు ఎత్తవద్దని మహానందకు గట్టిగా చెప్పాను. మా ఇంట్లో కోపం వస్తే కన్నడం వస్తుంది. కన్నడంలోనే చెప్పాను. ఆమె వెంటనే సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

రోజూ అన్నం తినగానే గ్రేసమ్మ ఇంటికి పోతోంది. పెళ్లి పనులట. సాయంత్రం వచ్చి పెదవి విప్పదు. ఇవాళ ఉండబట్టక, వాళ్ల వాకిట్లో పందిరి పడిందా అని అడిగాను.

"ఎవల వాకిట్ల?" అంది.

పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

నవంబర్ 13, గురువారం

మంచి: గాలి పోయినా బండి అదుపు తప్పదు. ఇది ముఖ్యం.
చెడు: ఖరీదు మామూలు టైరుకు రెండింతలు.
చెడు: నారాయణఖేడ్‌లోనే కాదు, జహీరాబాద్‌లో కూడా దొరకదు. హైదరాబాద్ నుంచి రావాలి, రెండు రోజులు.
చెడు: గాలి లేకుండా ఎక్కువ దూరం నడిపితే లోపల నలిగిపోతుంది, తర్వాత పంచర్ వేసినా లాభం లేదట.

ఇదంతా వీడియోలు చూసి రాశాను. ఒక పిల్లవాడు ఇంగ్లీషులో గడగడా చెబుతున్నాడు. వాడికేం తెలుసు. ఇదే స్టాన్లీ అయితే టైరు మీద అరచెయ్యి పెట్టి రెండు ముక్కల్లో చెప్పేవాడు. ఇది ఊరికే రాస్తున్నాను.

నవంబర్ 15, శనివారం

మహానంద సంచిలో పెళ్లి కార్డులు కనిపించాయి. ఆమె దస్తూరి బాగుంటుందని కార్డుల మీద పేర్లు రాయమని ఇచ్చారట. ఆమె స్నానానికి పోయినప్పుడు చూశాను. దొంగతనంగా కాదు, సంచి తెరిచే ఉంది.

నూట పన్నెండు కార్డులు. రెండుసార్లు చూశాను. సిర్గాపూర్‌లో మేస్త్రి ఈరయ్యకు ఉంది. పాత ఇనుము కొనే వీరేశ్‌కు ఉంది. పోయినేడు స్టాన్లీ కంప్రెసర్ చెడగొట్టిన కరెంటు శ్రీనుకు, సకుటుంబంగా అని కూడా రాసి ఉంది. పంచాక్షరి పేరుతో లేదు. నా భార్య తన చేత్తో ఊరందరి పేర్లూ రాసి, నా పేరు రాయలేదు.

దుకాణానికి పోయి చీరలు మడత పెడుతూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. గుమ్మానికి వచ్చిన ఒకామె దుమ్ము పడిందా అని అడిగింది. పడిందన్నాను.

నవంబర్ 17, సోమవారం

పంచర్ అయితే స్టాన్లీ దగ్గరికి పోక తప్పదు. ఊళ్లో ఇంకో మంచి దుకాణం లేదు. గతిలేక పోయాను అనుకుంటారు గాని, తగ్గి పోయానని ఎవరూ అనరు.

ఇది కోరికేం కాదు. అయితే బాగుండునని ఒక ఆలోచన.

నవంబర్ 18, మంగళవారం

కొత్త ఇళ్లు కడుతున్న వీధుల్లో రెండు గంటలు నడిపాను. సెంట్రింగ్ చెక్కలు, మేకులు, తీగ ముక్కలు. ఏమీ కాలేదు.

నవంబర్ 19, బుధవారం

ఇవాళ కూడా ఏమీ కాలేదు. పాత కారుకు నెలకు రెండు పంచర్లు తప్పేవి కావు.

నవంబర్ 21, శుక్రవారం

గ్లోరీ ఫోన్ చేసింది. "మామ, బుధవారం కారు కడుగుతవా, ఎప్పటిలాగ దుమ్ముతోనే తెస్తవా?" అంది. మీ నాన్న పిలవలేదమ్మా అని ఆ పిల్లతో ఎలా అంటాను. కడుగుతానన్నాను.

పిలవని పెళ్లికి కారు తీసుకుపోతే నేను మేనమామనా, అద్దె డ్రైవర్‌నా? పోకపోతే ఆ పిల్ల ముఖం ఎలా చూస్తాను? స్టాన్లీ ఒక్క మాట అంటే చాలు. లేదా నేను ఒక్క మాట అనాలి. నాది పెద్ద తప్పు కాదు కాబట్టి అతనే ముందు అనాలి. ఇంకా అయిదు రోజులుంది.

నవంబర్ 22, శనివారం

ఒక నిర్ణయానికి వచ్చాను. నమ్మిన సరుకును పరీక్ష చేయడం వ్యాపారి ధర్మం. ఎనభై కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ వాడు రాసుకున్నాడు, నేను కళ్లతో చూశానా? చూడకుండా మంచి అని ఎలా రాశాను? కనుక రేపు ఒక టైరుకు మేకు దింపి చూస్తాను. పూర్తిగా పరీక్ష కోసమే.

నవంబర్ 23, ఆదివారం

మూడంగుళాల మేకు, సుత్తి. మొదటి మేకు వంగిపోయింది. రెండోదీ వంగింది. మహానంద లోపలి నుంచి "ఏను?" అని కన్నడంలో అరిచింది. గోడకు పటం కొడుతున్నానని చెప్పాను. మూడోది దిగింది. దిగాక గాలి పోతుందని చూస్తే పోలేదు. ట్యూబ్‌లెస్ టైరుకు మేకే బిరడాలాగా పట్టుకుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. కటింగ్ ప్లేయరుతో కాలు అడ్డంపెట్టి లాగాను. సుయ్‌మని పోయింది. వెనక ఎడమ చక్రం.

ఎంత సంతోషమేసిందో. తెల్ల చొక్కా వేసుకుని, మాటలు కూడా సిద్ధం చేసుకుని, మెల్లగా స్టాన్లీ దుకాణానికి పోయాను.

మూసి ఉంది. ఆదివారం. చర్చి. నలభై ఏళ్లుగా ఆదివారం ఆ షట్టర్ తెరవడం నేను చూడలేదు. ఆ సంగతి నారాయణఖేడ్‌లో ఎద్దులకు కూడా తెలుసు.

పోను రాను నాలుగు కిలోమీటర్లు.

నవంబర్ 24, సోమవారం

ఇవాళ జరిగింది సరిగా రాయాలి.

పొద్దున దుకాణం ముందు నుంచి మెల్లగా పోయాను. గాలి లేని టైరు చూసి అతనే కేకవేస్తాడని నా లెక్క. కానీ ఈ దిక్కుమాలిన టైరు గాలి పోయినా నిటారుగానే ఉంటుంది. కొంచెం పొట్ట వేస్తుంది, అంతే. మామూలు టైరైతే ఊరంతా "సేఠ్, గాలి పోయింది" అని చెప్పేది. ఎవరూ చెప్పలేదు. స్టాన్లీ తల కూడా ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్లీ పోయాను. గుంపు ఉంది, ఆగలేకపోయాను. మూడోసారి పోయేసరికి స్టాన్లీ పెద్ద పానా పట్టుకుని రోడ్డు మీదే నిలబడి నన్నే చూస్తున్నాడు. ఇంకా అంత కోపం ఉందా అనుకున్నాను. అద్దం ఎక్కించుకుని వచ్చేశాను.

ఈ మూడు తిరుగుళ్లకు పన్నెండు కిలోమీటర్లు.

ఇంటికి వచ్చేసరికి మహానంద చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. గ్లోరీకి పెట్టే చీరకు కల్హేర్‌లో దాక్షాయణి అంచు కుడుతోందట, ఇప్పుడే తేవాలట. టైరుకు గాలి లేదని చెబితే స్టాన్లీ దగ్గరికి పొమ్మంటుంది. పొమ్మంటే, మేకు ఎక్కడ దిగిందని అడుగుతుంది. నోరు మూసుకుని కారు తీశాను. ముందు మీటరులో ఎర్ర దీపం వెలుగుతోంది. అదేమిటని అడిగింది. సోమవారం కదా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె దండం పెట్టుకుంది.

పోను రాను నలభై. సగం దారిలో ఆమె, "ఇయ్యాల కారు జర మెత్తగ పోతుంది. ఏం చేసిన్రు? గిట్లనే ఉంచుండ్రి," అంది.

మంచి: గాలి లేనప్పుడు మహానంద నడుముకు హాయి. ఇది వీడియోలో ఎవరూ చెప్పలేదు.

నాలుగు, పన్నెండు, నలభై. యాభై ఆరు అయ్యాయి. ఎల్లుండి పెళ్లి. నేను మంచివాడిని కాదేమోనని భయం వేస్తోంది.

నవంబర్ 25, మంగళవారం

అన్నం సయించలేదు. పొద్దున ఆరున్నరకే బయలుదేరాను. నేరుగా పోవడానికి ధైర్యం చాలక ఊరి చుట్టూ తిరిగి తిరిగి పోయాను. ఇంకో పది కిలోమీటర్లు. స్టాన్లీ ఒక్కడే ఉన్నాడు, తొట్టిలో నీళ్లు మారుస్తున్నాడు. కారు ఆపాను గాని దిగలేదు. సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

అతనే వచ్చాడు. నా వైపు రాలేదు. నేరుగా వెనక ఎడమ చక్రం దగ్గరికి పోయి కూర్చుని, టైరు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఎన్ని కిలోమీటర్లు?"

"అరవై ఆరు," అన్నాను. అన్నాక గాని, ఏమైందని అతను అడగనే లేదని తట్టలేదు. దిగి వెళ్లి పక్కన నిలబడ్డాను. నీకెట్లా తెలుసని అడిగాను.

"మూడు మాట్ల పోయినవ్ నిన్న. మొదటిసారి చప్పుడుకే ఎరుకైంది. రెండోసారి చూసిన. మూడోసారి ఆగుతవని పానా పట్టుకొని రోడ్డు మీద నిలవడ్డ. నువ్వు అద్దం ఎక్కించుకొని పోయినవ్."

"నేను అట్ల అనొద్దుండె," అన్నాను.

"అనొద్దుండె."

"అంత మంది ముందల."

"ఒక్కని ముందలన్నా అనొద్దుండె పంచా. పని లేదు అన్నవ్. నేను నీకు పని కోసమేనా ఇన్నేండ్లు?"

నేను నలభై ఏళ్లలో అతని ముందు ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు గాని, ఇవాళ సిగ్గనిపించలేదు. తప్పు నాదేనన్నాను. చిన్నది కాదు, పెద్దదేనన్నాను. ఆ మాట అనడానికి పట్టింది ఒక్క నిమిషం. దానికోసం మూడు వారాలు, మూడు మేకులు తగలేశాను.

స్టాన్లీ తల తిప్పుకుని చక్రం చుట్టూ చూస్తున్నాడు. రంధ్రం మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"గీ మేకు రోడ్డు మీద దిగింది కాదు. రోడ్డు మీదిది వాలుగ దిగుతది. గిది సుత్తెతోని కొట్టినట్టు నిలువుగ దిగింది."

నేను ఆకాశం వైపు చూశాను. అతను నా ముఖం చూసి, మళ్లీ రంధ్రం చూసి, అక్కడే నేల మీద కూలబడి నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. కాసేపటికి నాకూ ఆగలేదు.

తర్వాత కార్డు సంగతి అడిగాను. ఎందుకు మనసులో పెట్టుకోవాలి.

"పిల్లను తీస్కపోయెటోనికి కార్డేందిరా? నీకు టైం చెప్పాలె, గంతే. తొమ్మిదిన్నరకు రా."

నాకు కార్డు ఎందుకు లేదో మహానందకు మొదటి నుంచీ తెలుసట. మరి నాకెందుకు చెప్పలేదని మండిపోయి, ఆ ఊసు ఎత్తవద్దన్నది నేనేనని గుర్తొచ్చి చల్లారాను.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. స్టాన్లీ టైరు ఊడదీసి లోపల చెయ్యి పెట్టి తడిమాడు. నల్లటి పొడి రాలింది. మేకు దిగిన పూటే వస్తే రెండు నిమిషాల పని అట. అరవై ఆరు తిప్పేసరికి గోడ లోపల నలిగింది. ఇప్పుడు పంచర్ వేసి గాలి పెడితే పక్కగోడ ఎప్పుడు పగులుతుందో చెప్పలేమట. ఆ సైజు టైరు రావాలంటే రెండు రోజులు. పెళ్లి రేపు.

ఇంకో కారు మాట్లాడదామన్నాను.

"ఇంకో కారెందుకు? గ్లోరీ గీ కారులనే పోతది," అన్నాడు స్టాన్లీ. "కంపెనీ లెక్కకు ఇంకెంత మిగిలింది?"

"పద్నాలుగు."

"గాలి పెడితేనే భయం. పెట్టకుండ, నడక మీద పోదాం. నేను చక్రం పక్కపొంటి నడుస్త."

టైరు మళ్లీ అలాగే ఎక్కించాడు. గాలి లేకుండానే. కిలోమీటర్లు తగ్గకుండా కారు అక్కడే ఉంచి నడిచి వచ్చాను.

నవంబర్ 26, బుధవారం

స్టాన్లీ దుకాణం ముందే కారు కడిగాను. మల్లెపూలు కట్టాం. తొమ్మిదిన్నరకు గ్లోరీ తెల్ల చీరలో వెనక సీట్లో కూర్చుంది, పక్కన మహానంద. ముందర బ్యాండు. నేను మొదటి గేరులో, మనిషి నడకకు మించకుండా నడిపాను. స్టాన్లీ కొత్త సూటు వేసుకుని, వెనక ఎడమ చక్రం పక్కన, తల వంచుకుని, చక్రం మీది చూపు తీయకుండా నడుస్తున్నాడు. గుంత వస్తే చెయ్యి ఎత్తుతాడు, నేను స్టీరింగ్ పక్కకు తిప్పుతాను.

చూసినవాళ్లందరూ కరిగిపోయారు. బిడ్డను వదలలేక బండి పట్టుకుని నడుస్తున్నాడు పాపం తండ్రి, ఎంత పావురమో, ఎంత ప్రేమో అని ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. గ్రేసమ్మకు అసలు సంగతి తెలుసు. అయినా ఆమె కూడా ఒత్తుకుంది.

చర్చి గేటు ఇంకా యాభై గజాలుందనగా, గ్లోరీ అద్దం దించి, "డాడీ, నన్ను చూడవా?" అంది.

స్టాన్లీ తల ఎత్తాడు. పొద్దుట్నుంచి చక్రమే చూస్తున్నవాడు అప్పుడు చూశాడు బిడ్డను. నేను అద్దంలో చూస్తున్నాను. అతని అడుగు ఆగిపోయింది. కారు మాత్రం పోతూనే ఉంది. గేటు దగ్గర ఆపి వెనక్కి చూస్తే, నడిరోడ్డు మీద ఒక్కడే నిలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. బ్యాండువాళ్లు వాయించాలా ఆపాలా తెలియక సగం సగం వాయిస్తున్నారు.

దిగి వెనక్కి పోయి భుజం పట్టుకున్నాను. స్టాన్లీ ముక్కు తుడుచుకుని, "ఎంతయిందిరా?" అన్నాడు.

"రెండు కూడ కాలే."

"ఇంక పన్నెండున్నయ్ అయితే," అన్నాడు ఇంకా ఏడుస్తూనే. "ఫంక్షన్ హాలుకు గూడ సరిపోతది. పద, పిల్ల ఎదురుచూస్తుంది."

సరిపోయింది. సాయంత్రం హాలు ముందు కారు వదిలేసి ఆడవాళ్లను ఆటో ఎక్కించాం. స్టాన్లీ, నేను ఇంటి దాకా నడిచే వచ్చాం.